వరల్డ్ కప్ వచ్చి వెళ్ళింది, 38 రూముల హోటల్‌కి మిగిలిందెంత: ఒక కేస్ స్టడీ

నేను చేసే పని చిన్న హోటళ్ళకీ ఫంక్షన్ హాళ్ళకీ బ్యాంకు లోన్ల కోసం ప్రాజెక్ట్ రిపోర్టులు రాసివ్వడం. అంతకుముందు పన్నెండేళ్ళు బ్యాంకులోనే లోన్ల టేబుల్ మీద కూర్చున్నా కాబట్టి ఏ లెక్క నిలబడుద్ది ఏది పడిపోద్ది అన్నది కాగితం చూస్తే దాదాపు తెలిసిపోద్ది. ఈ కేసులో మాత్రం సగం నేనే తప్పు చేశా, అందుకే రాస్తున్నా. క్లయింట్ సరే అన్నాకే రాస్తున్నా, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చేశా, రూపాయల అంకెలు రౌండ్ చేశా.

ఎవరు, ఏంటి

హైదరాబాద్‌లో ఉప్పల్ స్టేడియానికి ఆటోలో పోయేంత దూరంలో 38 రూముల హోటల్, కింద ఒక ఫంక్షన్ హాలు, పక్కన చిన్న రెస్టారెంట్. లాడ్జి అంటే మా క్లయింట్‌కి కోపమొస్తుంది, హోటల్ అనాలి. రూము రోజుకి 1,800. వచ్చేవాళ్ళలో మెడికల్ రెప్స్, ఆస్పత్రిలో పేషెంటు ఉన్నవాళ్ళ చుట్టాలు ఎక్కువ, వాళ్ళతోపాటు ఒక మందుల కంపెనీ ప్రతి నెలా కొత్త కుర్రాళ్ళకి ట్రైనింగ్ అని 8 రూములు మూడ్రోజులు తీసుకునేది. మామూలు అక్టోబర్‌లో రోజుకి సగటున 23 రూములు నిండుతాయి, మిగతావి ఖాళీ. గొప్ప వ్యాపారం కాదు గానీ ఎవరికీ బాకీ లేని వ్యాపారం, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా-ఈ అని కరెంటు కార్ల రేస్ జరిగింది కదా, మన దేశంలో అదే మొదటిది. అప్పుడు ఈయన హోటల్ మూడు రాత్రులు ఫుల్ అయింది, రేసు జరిగింది ఎక్కడో ట్యాంక్‌బండ్ దగ్గర, ఈయన హోటలుందేమో ఈ చివర, అయినా ఫుల్. అది ఆయన బుర్రలో అలా ఉండిపోయింది. జూన్ 27న వన్డే వరల్డ్ కప్ షెడ్యూల్ వచ్చింది, ఉప్పల్‌కి మూడు మ్యాచులు, వాటికి ముందు వార్మప్‌లు రెండు. మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్.

"సార్, ఐదు మ్యాచులు మనింటి ముంగటనే అయితున్నయ్, గీ హాలు తీసేసి పద్నాలుగు రూములు ఏస్తే ఎట్లుంటది? ఫిబ్రవరిల సూస్తిరి గదా, కాలు పెట్ట సందు లేకుండె."

ఖర్చు కోటి ఇరవై లక్షలు, మొత్తం లోనే. రిపోర్టు నేను రాయాలి.

మొదటి నిర్ణయం: లోన్ వద్దు

ఇక్కడ నేను పెద్దగా తడబడలేదు. ఆయన ఆశపడ్డదానికంటే ఎక్కువే వేసి లెక్క కట్టా. ఒక్కో మ్యాచ్‌కి రెండు రాత్రులు, మొత్తం పది రాత్రులు, పద్నాలుగు రూముల్లో ఒక్కటీ ఖాళీ లేకుండా, రూము 6,000 చొప్పున పోయిందనుకుంటే 8,40,000. కోటి ఇరవై లక్షలకి 11 శాతం వడ్డీ, ఏడేళ్ళు అంటే నెలకి ఈఎంఐ 2,05,000 దాటుతుంది. అంటే దేవుడు దిగొచ్చి అన్ని రూములూ నింపినా నాలుగు నెలల కిస్తీ, మిగతా ఎనభై నెలలు ఎవరు కడతారు? మామూలు రోజుల్లో ఉన్న 38లోనే 15 ఖాళీగా ఉంటుంటే ఇంకో 14 కట్టి ఏం చేస్తాం.

ఇదంతా చెప్తే ఆయన మొహం మాడ్చుకున్నాడు గానీ మాట మీద నుంచి దిగలేదు. దింపింది పంచాంగం. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది, జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా, ఆ నెలలో పెళ్ళిళ్ళు లేవు. ముహూర్తాలన్నీ నిజ శ్రావణంలోకి, అంటే ఆగస్టు 17 తర్వాతకి వచ్చి పడ్డాయి, హాలుకి అప్పటికే తొమ్మిది బుకింగ్‌లు, అడ్వాన్సులు తీసేసుకున్నాడు. అక్టోబర్‌కల్లా రూములు రెడీ కావాలంటే హాలు పగలగొట్టాల్సింది సరిగ్గా ఆ పెళ్ళిళ్ళ నెలలోనే. హాలు అద్దె 60,000 చొప్పున తొమ్మిది పెళ్ళిళ్ళు అంటే 5,40,000 పోతుంది, పెళ్ళివాళ్ళ చుట్టాలు తీసుకునే రూములు వేరే. అప్పుడు నవ్వాడు, "శ్రావణంల హాలు బందు పెడితే మా అమ్మ నన్ను ఇంట్లకి రానియ్యది సార్."

అదే పంచాంగంలో ఇంకోటి కూడా కనబడింది, అప్పట్లో దాన్ని ఊరికే నోట్ చేసుకుని వదిలేశా. మ్యాచులన్నీ సెప్టెంబర్ 29 నుంచి అక్టోబర్ 12 మధ్యలో, పితృపక్షాలు సెప్టెంబర్ 30 నుంచి అక్టోబర్ 14 దాకా. అంటే మ్యాచులున్న రోజుల్లో హాలుని ఎవరూ అడగరు, దాన్ని ఏ పనికి వాడుకున్నా మనకి పోయేదేం లేదు. ఇది తర్వాత పనికొచ్చింది.

మధ్యలో ఆయన ఇంకో ఐడియా తెచ్చాడు, రెండు రూములు కలిపి సూట్ చేసి 9,000 రేటు పెడదాం అని. దీనికి వెంటనే వద్దన్నా, చాలామందికి తెలియని లెక్క ఇది. అప్పటి జీఎస్టీ రూల్ ప్రకారం హోటల్లో ఏ ఒక్క రూము డిక్లేర్డ్ టారిఫ్ (అంటే ప్రకటించిన రేటు) అయినా 7,500 దాటితే ఆ ఆవరణలో ఉన్న రెస్టారెంట్ బిల్లు 5 శాతం నుంచి 18 శాతానికి పోతుంది. రెండు సూట్ల కోసం రోజూ ఇడ్లీ తినేవాళ్ళ దగ్గర 18 శాతం వసూలు చేస్తే వాళ్ళు పక్క సందులోకి పోతారు, అంతే.

రెండో నిర్ణయం: ఇక్కడ తప్పు చేశాం

లోన్ ఆగింది కాబట్టి ఆయన్ని ఏదో ఒకదాంతో సంతోషపెట్టాలనిపించింది, నిజం చెప్తున్నా, లెక్క చూసి కాదు మొహమాటానికి ఒప్పుకున్నా. మ్యాచ్ రోజులకి 20 రూములు పక్కన పెట్టి రేటు మూడింతలు, అంటే 5,400. ఆన్‌లైన్ బుకింగ్‌లో పెట్టాం, అడ్వాన్స్ లేదు, వచ్చాక కట్టొచ్చు. అడ్వాన్స్ అడిగితే బుకింగ్‌లు రావని ఆయన భయం, నేను గట్టిగా పట్టుబట్టలేదు. అప్పుడు టీవీలో రోజూ అహ్మదాబాద్ కథే కదా, ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్‌కి హోటల్ రేట్లు ఆకాశంలో ఉన్నాయి, జనం ఆస్పత్రి బెడ్లు కూడా అడుగుతున్నారని వార్తలు. అది చూసి ఉప్పల్ కూడా అంతే అనుకున్నాం.

ఉప్పల్ అహ్మదాబాద్ ఎలా అవుతుంది? మూడు మ్యాచుల్లో ఒక్కదాంట్లో కూడా ఇండియా లేదు. పాకిస్తాన్-నెదర్లాండ్స్, న్యూజిలాండ్-నెదర్లాండ్స్, పాకిస్తాన్-శ్రీలంక. దీనికి విజయవాడ నుంచో నాగపూర్ నుంచో రైలెక్కి వచ్చి రూము తీసుకునేవాళ్ళు ఎంతమంది? చూడ్డానికొచ్చేది హైదరాబాదోళ్ళే, మెట్రో ఎక్కి స్టేడియం స్టేషన్‌లో దిగి మ్యాచ్ చూసి రాత్రికి ఇంటికెళ్ళి పడుకుంటారు. పాకిస్తాన్ అభిమానులు వస్తారనుకుంటే వాళ్ళకి వీసాలే రాలేదు. ఇండియా లేదన్నది జూన్ 27నే కాగితం మీద ఉంది, మేమే చూడలేదు. నెదర్లాండ్స్, శ్రీలంక పేర్లూ వీసా సంగతీ మాత్రం తర్వాత తేలాయి.

ఆ తర్వాత వరసగా దెబ్బలు. ఆగస్టు 9న షెడ్యూల్ మార్చారు, అహ్మదాబాద్ మ్యాచ్ ఒక రోజు ముందుకి జరిగింది, దాంతో ఉప్పల్‌లో అక్టోబర్ 12న ఉన్న పాకిస్తాన్-శ్రీలంక 10వ తారీఖుకి వచ్చింది. 11, 12 రాత్రులకి ఉన్న బుకింగ్‌లు రెండు రోజుల్లో ఖాళీ, అడ్వాన్స్ లేదు కదా, మాకు ఒక్క రూపాయి మిగల్లేదు. తర్వాత సెప్టెంబర్ 29 వార్మప్, పాకిస్తాన్-న్యూజిలాండ్. ముందురోజే గణేశ్ నిమజ్జనం, పోలీసులు అంతమంది సెక్యూరిటీ ఇవ్వలేమన్నారు, మ్యాచ్ ఖాళీ స్టేడియంలో ఆడారు, టికెట్లు కొన్నవాళ్ళకి డబ్బు వెనక్కి. తప్పు ఎవరిదని కాదు, నిమజ్జనం రోజు హైదరాబాద్‌లో ఇంకేమీ నడవదని ఇక్కడ పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ వీటిల్లో లేదు. ఆ మందుల కంపెనీ అక్టోబర్ ట్రైనింగ్‌కి రూములడిగితే రిసెప్షన్ కుర్రాడు సిస్టంలో ఉన్న రేటే చెప్పాడు, 5,400. రెగ్యులర్ కస్టమర్‌కి పాత రేటే ఇవ్వాలని వాడికి మేమెవ్వరం చెప్పలేదు. వాళ్ళు మారు మాట్లాడకుండా వేరే హోటల్‌కి వెళ్ళిపోయారు. "సార్, గా మేనేజర్ ఫోన్ ఎత్తుతలేడు" అని క్లయింట్ చెప్పిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

పెద్ద ఊళ్ళకి కూడా ఇదే జరుగుతుంది. 2012 ఒలింపిక్స్ లండన్‌లో పెట్టారు, ఆ ఆగస్టులో బ్రిటన్‌కి వచ్చిన విదేశీయుల సంఖ్య అంతకుముందు ఏడాది ఆగస్టు కంటే తగ్గింది. వచ్చినవాళ్ళు ఎక్కువ ఖర్చు పెట్టారు, అది వేరే సంగతి, కానీ మామూలుగా వచ్చే టూరిస్టులు రద్దీ, రేట్లు చూసి ఆ నెల మానేశారు. ఒలింపిక్స్‌కి వచ్చినవాళ్ళని లెక్కపెట్టడం తేలిక, ఒలింపిక్స్ వల్ల రానివాళ్ళని ఎవరు లెక్కపెడతారు? మా కేసులో రానివాళ్ళు ఎవరో నాకు ఫోన్ నంబర్‌తో సహా తెలుసు, తేడా అంతే.

పనిచేసింది

సెప్టెంబర్ మొదటి వారంలో ఏం చెయ్యాలో తోచక ఫిబ్రవరి రిజిస్టర్ మళ్ళీ తెరిచా. లాడ్జీల్లో దిగేవాళ్ళ వివరాలు రాసే రిజిస్టర్ ఉంటుంది కదా, ఎక్కడి నుంచి వచ్చారు, ఏం పని మీద అని. జూన్‌లో కూడా అదే రిజిస్టర్ చూశా, కానీ అప్పుడు ఎన్ని రూములు, ఎంత రేటు అన్నవే చూశా. ఈసారి "పని" అన్న కాలమ్ చదివా. మూడు రాత్రుల్లో రేస్ చూడ్డానికి వచ్చినవాళ్ళు నాలుగు రూములు. మిగతా అందరూ బారికేడ్లు బిగించేవాళ్ళు, జనరేటర్ల వాళ్ళు, ప్రైవేట్ సెక్యూరిటీ, టెంట్లు, కేబుల్ లాగేవాళ్ళు. హోటల్ నింపింది ప్రేక్షకులు కాదు, పనోళ్ళు. సమాధానం ఏడు నెలలుగా రిసెప్షన్ సొరుగులో పడి ఉంది.

ఈ పనోళ్ళు మ్యాచ్‌కి వారం ముందొస్తారు, అయిపోయాక విప్పేదాకా ఉంటారు. ఇండియా ఆడినా నెదర్లాండ్స్ ఆడినా వాళ్ళకి పని ఒకటే, జనం ఉన్నా లేకపోయినా ఫెన్సింగ్ వెయ్యాల్సిందే. మ్యాచ్ డేట్ రెండ్రోజులు జరిగినా వాళ్ళ బస పెద్దగా జరగదు. అంటే మమ్మల్ని ముంచిన రిస్కులేవీ వీళ్ళకి అంటవు.

క్లయింట్ బావమరిదికి అలాంటి పనుల సబ్ కాంట్రాక్టర్ ఒకాయన తెలుసు. వెళ్ళి మాట్లాడాం. ఆయన 12 రూములు, సెప్టెంబర్ 27 నుంచి 15 రాత్రులు కావాలన్నాడు. క్లయింట్ రేటు 2,500 అడుగుదామన్నాడు, నేను వద్దన్నా, 1,800కే ఇద్దాం కానీ సగం అడ్వాన్స్ ముందే, చివరి నిమిషంలో తగ్గిస్తే అది తిరిగివ్వం అని. కారణం ఒకటే, ఈయన మళ్ళీ మళ్ళీ వచ్చే మనిషి, ఒకసారి 700 ఎక్కువ లాగితే రెండోసారి మొహం చూపించడు, అప్పటికే మందుల కంపెనీతో ఆ పాఠం అయింది కదా. ఆయన అడిగినవి కూడా చిత్రమైనవి, రాత్రి పదకొండుకి వేడన్నం, డీసీఎం వ్యాన్ పెట్టుకోడానికి జాగా, తడి బట్టలు ఆరేసుకోడానికి తాడు. ఏసీ గురించి అడగనే లేదు.

అప్పుడు పితృపక్షాల నోట్ గుర్తొచ్చింది. హాలు ఎలాగూ ఖాళీ, దాన్ని మెస్ చేసేశాం. రూముల్లో ఉన్న ముప్పై ఆరు మందీ, బయట వేరే చోట్ల పడుకునే వాళ్ళూ కలిపి రోజుకి 70 మంది, పొద్దున టిఫిన్ రాత్రి భోజనం కలిపి మనిషికి 220. వంట చూసింది క్లయింట్ భార్య. నా అభిప్రాయంలో ఈ కేసులో అందరికంటే బాగా పనిచేసింది ఆవిడే, మూడో రోజుకే ఎవరికి నైట్ షిఫ్టో ఎవరికి ఉపవాసమో ఆమెకి నోటికొచ్చేసింది.

ప్రేక్షకుల రూముల రేటు కూడా 3,200కి దించేశాం. మూడు మ్యాచులకీ కలిపి 27 రూములు పోయాయి, అందులో 9వ తారీఖు న్యూజిలాండ్ మ్యాచ్‌కి నాలుగే. ఆరోజు మధ్యాహ్నమే తెలంగాణ ఎన్నికల షెడ్యూల్ ప్రకటించారు, రిసెప్షన్‌లో టీవీ మీద క్రికెట్ కాదు, ఎవరికి టికెట్ వస్తుందన్న చర్చే నడుస్తోందని క్లయింట్ చెప్పాడు. 10వ తారీఖు మాత్రం మ్యాచ్ అదిరింది, 345 కొట్టేసింది పాకిస్తాన్, వరల్డ్ కప్‌లో అంత పెద్ద ఛేజింగ్ అప్పటిదాకా లేదు.

లెక్క

పదిహేను రాత్రుల లెక్క. మామూలుగా అయితే 23 రూముల చొప్పున 345 రూములు, 6,21,000. ఈసారి కాంట్రాక్టర్‌వి 180, రెగ్యులర్ జనం 135 మాత్రమే, మ్యాచ్ జనం 27, కలిపి 342. మూడు తక్కువ! రేటు తేడా వల్ల డబ్బు 6,53,400 వచ్చింది, అంటే రూముల మీద ఎక్కువ వచ్చింది 32,400. మెస్ మీద 2,31,000 వస్తే ఖర్చులు పోను మూడో వంతు, 77,000. రెండూ కలిపి 1,09,400. ఇటువైపు మందుల కంపెనీ మళ్ళీ మార్చిలో గానీ రాలేదు, నవంబర్‌లో ఎన్నికల జనంతో ఆ రూములు ఎలాగూ నిండాయి కాబట్టి ఆ నెల వదిలేస్తా, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మూడు నెలలు, నెలకి 43,200 చొప్పున 1,29,600. రూము ఖాళీగా ఉన్నా జీతాలూ కరెంటూ పెద్దగా తగ్గవు కాబట్టి ఇది దాదాపు అంతా నష్టమే.

తీసేస్తే ఇరవై వేలు మైనస్. వరల్డ్ కప్ గుమ్మం ముందుకొచ్చి వెళ్తే మిగిలింది ఇది. లోన్ తీసుకుని ఉంటేనా, ఆ మాట ఇప్పటికీ మేమిద్దరం ఎత్తుకోం.

పేరు సంగతి

డబ్బు రాకపోయినా ఊరికి పేరొస్తుంది కదా అంటారు. వస్తుంది, కాదనను, పాకిస్తాన్ టీమ్ ఏడేళ్ళ తర్వాత ఇండియాలో దిగింది ఇక్కడే, ఎయిర్‌పోర్ట్‌లో జనం చప్పట్లు కొట్టారు, వాళ్ళు తిన్న బిర్యానీ గురించి రెండు దేశాల్లోనూ మాట్లాడుకున్నారు. అదే వారం స్టేడియంలో మురికి సీట్ల ఫొటోలు కూడా తిరిగాయి. పేరు రెండు వైపులా కోస్తుంది. 2009లో గచ్చిబౌలిలో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు పెట్టినప్పుడు ఇంగ్లండ్ టీమ్ సెక్యూరిటీ భయమని ఆడకుండానే వెళ్ళిపోయింది, ఆ రెండ్రోజులు ప్రపంచమంతా హైదరాబాద్ గురించి వచ్చిన వార్త అదే. అయినా ఇవాళ బ్యాడ్మింటన్ అంటే హైదరాబాద్ అంటున్నారంటే ఆ వారం పోటీల వల్లనా? గోపీచంద్ అకాడమీలో ఏళ్ళ తరబడి తెల్లారుజామున నాలుగింటికి లైట్లు వెలిగినందువల్ల. 2003 ఆఫ్రో-ఏషియన్ గేమ్స్‌కి వాడిన గచ్చిబౌలి కాంప్లెక్స్‌లోని స్పోర్ట్స్ విలేజ్ టవర్‌నే 2020లో కోవిడ్ ఆస్పత్రి చేశారు, టిమ్స్ అని. ఆటలకని కట్టింది చివరికి దేనికి పనికొస్తుందో కట్టేరోజు ఎవరికీ తెలియదు.

మా క్లయింట్‌కి వచ్చిన పేరు చిన్నది, కానీ అది నిలబడింది. ఆ సబ్ కాంట్రాక్టర్ 2024 జనవరిలో ఇండియా-ఇంగ్లండ్ టెస్టుకి మళ్ళీ వచ్చాడు, ఈసారి 10 రూములు. టెస్టు నాలుగు రోజుల్లో అయిపోయింది, ఇంగ్లండ్ 28 పరుగులతో గెలిచింది, వాళ్ళ అభిమానులు కొందరు రెండు రూముల్లో వారం రోజులున్నారు, రోజూ రెస్టారెంట్‌లో దోసె. మెగా ఈవెంట్ అని ఎవరూ అనని మ్యాచ్ అది. మార్చి నుంచి ఐపీఎల్, ఉప్పల్‌లో ఏడు మ్యాచులు, మళ్ళీ అదే మనిషి. మరోపక్క, ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో ఫార్ములా-ఈ రేస్ జనవరి మొదటి వారంలోనే రద్దయింది. దానికోసం వ్యాన్ కొందామనుకున్నాడు ఈయన, డిసెంబర్‌లో నన్నడిగితే సంతకాలు అయ్యేదాకా ఆగమన్నా. అది నేను సరిగ్గా చెప్పిన కొద్దిపాటి మాటల్లో ఒకటి.

ఇప్పుడు ఎవరైనా ఈవెంట్ పేరు చెప్పి లోన్ అడిగితే నేను మూడు కాగితాలు తెమ్మంటున్నా: పాత ఈవెంట్ అప్పటి రిజిస్టర్, ఆ ఏడాది పంచాంగం, పన్నెండు నెలల రెగ్యులర్ కస్టమర్ల లిస్ట్. ఈవెంట్ బ్రోచర్ తెస్తే పక్కన పెడుతున్నా. బ్యాంకులో పాత కొలీగ్స్ నవ్వుతున్నారు, పంచాంగం అటాచ్ చేసిన ప్రాజెక్ట్ రిపోర్ట్ ఎక్కడా చూడలేదని.

2024 సెప్టెంబర్‌లో ఐసీసీ ఒక రిపోర్టు బయటపెట్టింది, వరల్డ్ కప్ వల్ల ఇండియాకి 139 కోట్ల డాలర్ల ఎకనామిక్ ఇంపాక్ట్, మన డబ్బుల్లో 11,637 కోట్లు. దాంట్లో టూరిజం వాటానే 86 కోట్ల డాలర్లు అన్నారు. ఆ అంకె అబద్ధమని నేననను, కాకపోతే మా 6,53,400 కూడా వరల్డ్ కప్ ఆదాయం కిందే రాయొచ్చు, అందులో 6,21,000 ఎలాగూ వచ్చేదే అని రాయాలంటే మాత్రం మా రిజిస్టర్ తెరవాలి. క్లయింట్ ఆ వార్త ఫోన్‌లో పట్టుకుని ఆఫీసుకొచ్చాడు.

"పదకొండు వేల కోట్లంట సార్. అండ్ల మనయి ఎన్ని?"

మైనస్ ఇరవై వేలు అన్నా. కాసేపు నవ్వి, జేబులోంచి ఇంకో కాగితం తీశాడు, లిఫ్ట్ కొటేషన్. ఆస్పత్రి పేషెంట్ల చుట్టాల్లో ముసలోళ్ళు మూడో అంతస్తు ఎక్కలేక వెళ్ళిపోతున్నారంట, నెలకి ఎన్ని రూములు అలా పోతున్నాయో ఆయన భార్య ఆర్నెల్లుగా రాసి పెట్టింది. ఆ రిపోర్టు రాసిచ్చా, ఫైల్ ఇప్పుడు బ్యాంకులో ఉంది.